మన్నిక, మన్నింపు: అంబాసిడరు యజమానుల కథ

క్రిందటి సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు అటక దులుపుతుంటే నాన్నగారి పాత పద్దు పుస్తకమొకటి చేతికొచ్చింది. పొడుగాటి అట్ట పుస్తకం. వెన్నుకు ఎర్ర గుడ్డ అంటించి ఉంది. మొదటి పుటలో పైన "శ్రీరామ" అని వ్రాసి, దాని క్రింద "కారు పద్దు, 1976" అని ఉంది. లోపల పదిహేనేళ్ళ లెక్క. ఏ తేదీన ఎంత పెట్రోలు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఇంజనాయిలు మార్పు, ఏ టైరుకు ఎన్ని అతుకులు, ఎవరి పెళ్ళికి ఎక్కడికి ప్రయాణం, అంతా నాన్నగారి గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఆయన గుడివాడలో ప్లీడరు. కక్షిదారుల కాగితాల పట్ల ఎంత శ్రద్ధో కారు పట్ల కూడా అంతే శ్రద్ధ.

ఆ పుస్తకం ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. అంబాసిడరు గురించి మనకు తెలిసిన చరిత్ర అంతా కర్మాగారం వైపు నుంచో, మంత్రుల వైపు నుంచో చెప్పినదే. తెల్ల కారు, ఎర్ర దీపం, ఢిల్లీ వీధులు. ఆ కారుతో ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళ చరిత్ర ఎవరూ వ్రాసినట్లు కనబడదు. నాకు చేతనైనంతలో ఆ వైపు నుంచి నాలుగు మాటలు చెబుదామని ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందుగా కారు పుట్టుక. హిందూస్థాన్ మోటార్స్ సంస్థను బిర్లా కుటుంబం 1942లో స్థాపించింది. మొదట గుజరాత్ తీరాన ఓఖా రేవులో చిన్నగా ఆరంభమై, 1948లో కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపాడాకు తరలింది. ఇంగ్లండులోని మోరిస్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని అక్కడి నమూనాలనే పేరు మార్చి ఇక్కడ తయారుచేసేవారు. మోరిస్ టెన్ ఇక్కడ హిందూస్థాన్ టెన్ అయింది. ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి 1954లో లాండ్‌మాస్టర్ అయింది. మూడవ శ్రేణి 1957లో అంబాసిడరుగా అవతరించింది. మన బెజవాడలో ప్రకాశం బ్యారేజి పూర్తయినది కూడా ఆ సంవత్సరమే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది.

ఇంగ్లండులో ఆ మూడవ శ్రేణి ఆక్స్‌ఫర్డ్ 1956లో వచ్చి 1959కల్లా వెళ్ళిపోయింది. మూడేళ్ళ ఆయుర్దాయం. అదే ఆకారం మన దేశంలో 2014 మే నెల దాకా, అంటే యాభైయేడేళ్ళ పాటు కర్మాగారం నుంచి బయటికి వస్తూనే ఉంది. తల్లి ఇంట బాల్యంలోనే పోయిన బిడ్డ, పెంపుడింట ముదిమి దాకా బ్రతికినట్లు. ఎందుకలా జరిగింది?

కారణం కారులో లేదు, కాలంలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే పూర్తిగా తయారైన కార్ల దిగుమతికి ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించడం మాత్రమే చేస్తున్న అమెరికా సంస్థలు, ఫోర్డు, జనరల్ మోటార్స్, 1954 నాటికి మూటాముల్లె సర్దుకున్నాయి. కార్ల విషయంలో చివరికి మిగిలినవి ముఖ్యంగా మూడు. కలకత్తాలో హిందూస్థాన్, బొంబాయిలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. 1957 ప్రాంతంలో విదేశీ మారక ద్రవ్యం కరువై పైసా పైసా లెక్కించవలసి వచ్చింది. కొత్త నమూనాకు కొత్త అచ్చులు కావాలి, అచ్చులకు విదేశీ ద్రవ్యం కావాలి, ద్రవ్యానికి అనుమతి కావాలి. ఉన్న అచ్చులతోనే కాలం గడపడం సులభమైంది. మార్చవలసిన అవసరం కూడా లేకపోయింది, ఎందుకంటే ఎన్ని తయారుచేసినా కొనడానికి వరుసలో జనం నిలబడి ఉన్నారు.

ఆ వరుస గురించి ఈ తరానికి చెబితే నమ్మరు. 1959లో కార్ల పంపకాన్ని, అమ్మకాన్ని అదుపు చేస్తూ కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది. కారు కావలసినవాడు పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకులో కొంత సొమ్ము కట్టి, ఆ ఖాతాను డీలరు పేర కుదువబెట్టి, తన వంతు కోసం ఎదురుచూడాలి. ప్రభుత్వ కోటా వాళ్ళది వేరే దారి. ఫియట్ కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నవాళ్ళు కోకొల్లలు. అంబాసిడరుకు వరుస అంతకంటే కాస్త పొట్టిది, అంతే. పేరు వ్రాయించుకున్న కుర్రవాడు పెళ్ళై, పిల్లలు బడికి వెళ్ళే వేళకు కారు వచ్చిందని వేళాకోళమాడేవారు. అందువల్ల ఒకసారి వాడిన కారు కొత్త కారు ధరకో, అంతకు మించో అమ్ముడుపోవడం ఆ రోజుల్లో వింత కాదు. వాడిన కొద్దీ వస్తువు ధర తగ్గాలన్న లోకరీతి మన దేశంలో కార్ల విషయంలో చాలాకాలం పని చేయలేదు.

నాన్నగారు వరుసలో నిలబడలేదు. 1976 విజయదశమికి ఏలూరులో ఒక ధాన్యం వర్తకుడి దగ్గర పదేళ్ళ వయసున్న అంబాసిడరు మార్క్ టూ కొన్నారు. బూడిదరంగు బండి. పద్దులో మొదటి ఖర్చు కారు ధర, రెండవది కొబ్బరికాయ, నిమ్మకాయలు, మూడవది నాలుగు టైర్లు. మూడవ ఖర్చు చూసి అమ్మ "కాళ్ళు లేని గుర్రాన్ని కొన్నారా?" అన్నదట. అది మా ఇంట్లో చాలాకాలం సామెతగా నిలిచింది.

ఇక దినచర్య. ఇప్పటి కారు యజమాని తాళం త్రిప్పుతాడు, వెళ్ళిపోతాడు. అప్పటి యజమానికి ఉదయపు స్టార్టు ఒక క్రతువు. ముందు బానెట్టెత్తి రేడియేటరులో నీళ్ళు చూడాలి. కమ్మీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి ఇంజనాయిలు మట్టం చూడాలి. వారానికొకసారి బ్యాటరీలో డిస్టిల్డు వాటరు. చలికాలమైతే చోక్ లాగిపట్టి, స్టార్టరు ఇచ్చి, ఇంజను కుదురుకున్నాక చోక్ మెల్లగా లోపలికి నెట్టాలి. తొందరపడితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోతాయి. అప్పుడు ప్లగ్గులు విప్పి, తుడిచి, ఎండబెట్టాలి. బ్యాటరీ మొరాయించిన రోజున ముందు బంపరు దగ్గరి బెజ్జంలో ఇనుప హ్యాండిలు దూర్చి త్రిప్పాలి. బొటనవేలును హ్యాండిలు చుట్టూ పెట్టకూడదు, మిగిలిన వేళ్ళతో కలిపి ఒకే వైపున ఉంచాలి. ఇంజను వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. నాకు పన్నెండవ ఏట మా డ్రైవరు బాబాయి నేర్పిన మొదటి పాఠం అదే.

గేరు స్టీరింగు క్రిందనే ఉండేది. నాలుగు గేర్లు. ముందు సీటు ఒకే బల్లలా పొడుగ్గా ఉండడానికి అదే వీలు కల్పించింది. ముందు ముగ్గురు పెద్దలు, వెనుక నలుగురు, ఒళ్ళలో పిల్లలు. లైట్ల కాంతి దించడానికి మీట చేతి దగ్గర కాదు, ఎడమ కాలి దగ్గర. ముందు తలుపుకు త్రికోణపు చిన్న అద్దం, దాన్ని ఒక కోణంలో త్రిప్పితే గాలి సూటిగా ముఖానికి కొట్టేది. రోహిణి కార్తెలో వడగాలి కూడా అంతే సూటిగా కొట్టేది.

ఆ రోజుల్లో అంబాసిడరు కేవలం కారు కాదు, అవసరమైతే చిన్న లారీ. డిక్కీలో రెండు ధాన్యపు బస్తాలు, పైన క్యారియరు మీద పరుపుచుట్టలు, సీట్లలో పదిమంది, ఇలా బరువెత్తిన కార్లు డెల్టా రోడ్ల మీద కనబడని రోజు లేదు. వెనుక ఇరుసు క్రింద కమాను పట్టీలు లారీలకున్నట్లే ఉండేవి. ముందు చక్రాలకు టార్షన్ బార్లు. అడుగుభాగం నేలకు ఎత్తుగా ఉండేది. చక్రాల బండ్లు తొక్కి గాడులు పడ్డ మట్టి రోడ్ల మీద, కాలువ గట్ల మీద, ఇంగ్లండు వీధుల కోసం పుట్టిన ఆ కారు నడిచిందంటే కారణం ఆ ఎత్తు, ఆ పట్టీలు.

మా అమ్మ పుట్టిల్లు రాజోలు దగ్గర. గుడివాడ నుంచి కైకలూరు, భీమవరం మీదుగా నరసాపురం చేరి, అక్కడ పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగాలి. రేవులోకి దిగే ఏటవాలు దగ్గర అందరం కారు దిగిపోయేవాళ్ళం. బాబాయి ఒక్కడే చక్రం పట్టుకుని, పలకల మీదుగా అంగుళం అంగుళం జరుపుతూ కారును పంటు మీదికి ఎక్కించేవాడు. చక్రాల క్రింద రాళ్ళు పెట్టేవారు. పంటు నడిగోదారిలోకి వచ్చాక అమ్మ దండం పెట్టుకుని నీళ్ళలో పావలా వేసేది. అవతలి ఒడ్డున ఎక్కేటప్పుడు మాత్రం పరీక్ష. తడిసిన ఏటవాలు మీద మొదటి గేరులో, క్లచ్చి సగం నొక్కి, ఆగకుండా ఎక్కాలి. ఒకసారి ఆగితే వెనక్కి జారడమే. పద్దులో ప్రతి రాజోలు ప్రయాణం తర్వాత "క్లచ్చి చూపించాలి" అని ఒక మాట ఉంది.

ఇంకో పరీక్ష తిరుమల కొండ. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండవది 1974లో. మా కారు కొండ ఎక్కేనాటికి రెండూ ఉన్నాయి. పాతకాలపు కార్బురేటరు బండ్లన్నింటికీ ఎండలో ఒక జబ్బుండేది. ఇంజను వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి, కార్బురేటరుకు చేరక బండి ఆగిపోయేది. వైద్యం తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే మళ్ళీ కదిలేది. కొండ మలుపుల్లో బానెట్టెత్తి, రేడియేటరు మూత మీద తడి గోనెపట్టా వేసి, గోవిందా అంటూ కూర్చున్న కుటుంబాలను దాటుకుంటూ వెళ్ళేవాళ్ళం. కొంతసేపటికి మేమూ ఆ వరుసలో చేరేవాళ్ళం, వాళ్ళు మమ్మల్ని దాటేవాళ్ళు. ఒకరి నీళ్ళ డబ్బా ఒకరికి ఇచ్చుకోవడంలో పరిచయాలు కలిసేవి. అక్కడ కలిసిన నెల్లూరు కుటుంబమొకటి తరువాత మా అక్క పెళ్ళికి వచ్చింది.

చదువుతున్నవారికి ఈపాటికి ఇదంతా తీపి జ్ఞాపకాల మూటలా కనిపిస్తూ ఉండవచ్చు. అక్కడికే వస్తున్నాను. పద్దు పుస్తకం అంత తీయగా లేదు.

అరవైలలో దేశమంతటా కారు యజమానుల ఫిర్యాదులు పెచ్చుమీరాయి. నాణ్యత పడిపోయిందని, ధర మాత్రం పెరుగుతోందని పత్రికల్లో, చట్టసభల్లో గొడవ జరిగింది. 1967లో కేంద్ర ప్రభుత్వం కార్ల నాణ్యత మీద ప్రత్యేకంగా ఒక విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. అది మూడు సంస్థల కార్లకూ వర్తించినది. 1969లో ధరలను చట్టబద్ధంగా నిర్ణయించారు. తయారీదారులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గిట్టుబాటు ధర ఎంత అన్న వ్యాజ్యం 1971 దాకా నడిచింది. ఆ వాదప్రతివాదాల్లో తయారీ ఖర్చు, న్యాయమైన లాభం, ఉక్కు ధర, అన్నీ చర్చకు వచ్చాయి. కొన్నవాడు మరమ్మతుకు పెట్టే ఖర్చు ఏ లెక్కలోకీ రాలేదు. ఆ ఖర్చును లెక్కకట్టిన పుస్తకాలు మా ఇంటి వంటి ఇళ్ళ అటకల మీద ఉండిపోయాయి.

వరుస ఉన్నంతకాలం కొనేవాడి కోపానికి విలువ లేదు. ఒకడు అలిగి వెళ్ళిపోతే వెనుక పదిమంది ఉన్నారు. ఇది ఒక్క సంస్థ దోషమని నేననను. పోటీ లేనిచోట ఎవరు కూర్చున్నా అలాగే ఉంటారు. కాని దాని ఫలితం మాత్రం గమనించాలి. తయారీలో జరగవలసిన పనిలో కొంత భాగం నెమ్మదిగా వాడుకలోకి బదిలీ అయింది. బిగుతు చూడడం, తుప్పు ఆపడం, గ్రీజు పెట్టడం, అతకని తలుపును అతికించడం, ఇవన్నీ యజమాని, డ్రైవరు, మెకానిక్కు పంచుకున్న పనులు. "అంబాసిడరులో హారను తప్ప అన్నీ మోగుతాయి" అన్న హాస్యం మీరూ విని ఉంటారు. ఆ నవ్వు వెనుక ఎంత చాకిరీ ఉందో పద్దు చూస్తే గాని నాకు తెలియలేదు.

ఆ చాకిరీకి రాజధాని మనకు బెజవాడ ఆటోనగర్. అరవైలలో ఊరి చివర పటమట దగ్గర వెలసిన ఆ పేట, వాహనాల మరమ్మతుకు దేశంలోనే పేరుపొందింది. ఇంజను బోరు చేసేవారు ఒక వీధి, కమాను పట్టీలు సాగదీసి వంపు తెచ్చేవారు ఒక వీధి, టింకరింగువారు, పెయింటింగువారు, సీట్లు కుట్టేవారు, లేతు పనివారు, పాత సామాను అమ్మేవారు. కలకత్తా నుంచి భాగం రాకపోతే లేతు మీద తీసి ఇచ్చేవారు. ఏ కొలత ఎంతుండాలో వాళ్ళకు కంఠోపాఠం. చదువులేని కుర్రవాడు పదేళ్ళకు షెడ్డులో చేరి, ఇరవై ఏళ్ళకు ఇంజను చప్పుడు విని ఏ వాల్వు వదులైందో చెప్పేవాడు. మా కారును చూసే పెద్ద మెకానిక్కు ఒకసారి నాన్నగారితో అన్న మాట నాకు గుర్తుంది. "దీనికి రోగం లేదండీ ప్లీడరుగారూ, వయసే."

అంబాసిడరు మన్నికైన కారని లోకం అంటుంది. నేనూ అలాగే అనుకుంటూ పెరిగాను. పద్దు పుస్తకం చదివాక నాకు తోచిందేమిటంటే, మనం మన్నిక అనుకున్నదాంట్లో చాలా వంతు మన్నింపు. దాని తప్పులు దిద్దుతూ, బరువులు మోస్తూ, ఆగినచోట నెడుతూ వందలాదిమంది దాన్ని బ్రతికించారు. పదిహేనేళ్ళలో మా కారుకు ఇంజను రెండుసార్లు బోరు చేయించారు. అడుగు రేకు మూడుసార్లు మార్చారు. రంగు మూడుసార్లు వేశారు. చివరికి ఏలూరులో కొన్న కారులో మిగిలిందేమిటని అడిగితే, నంబరు పలక, స్టీరింగు చక్రం అని చెప్పాలి.

ఐతే న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. మన్నించడానికి వీలున్న వస్తువునే మన్నించగలం. అంబాసిడరులో దాచిపెట్టిన దేదీ లేదు. బానెట్టెత్తితే ఇంజను చుట్టూ ఒక మనిషి చేతులు హాయిగా తిరిగేంత జాగా ఉండేది. ఒక స్క్రూడ్రైవరు, నాలుగు స్పానర్లు, ఒక గరుకు కాగితం ముక్క ఉంటే నడిరోడ్డున నూటికి డెబ్బై జబ్బులు నయమయ్యేవి. పాయింట్లు మాడితే కాగితంతో రుద్దడమే. ఫ్యాను బెల్టు తెగితే తాత్కాలికంగా తాడుతో కట్టి ఇంటికి చేరినవాళ్ళున్నారు. ఈ రోజు నా కారు ఆగితే నేను చేయగలిగింది ఫోను చేయడం ఒక్కటే. ఆ తేడాను నేను ప్రగతికి వ్యతిరేకంగా చెప్పడం లేదు. నా కారు ఆగదు, అది నిజం. కాని ఆగిన కారును అర్థం చేసుకోగల మనుషుల జాతి ఒకటి అంతరించింది, అదీ నిజమే.

పద్దులో ఒకే ఒక్కచోట కిలోమీటర్ల లెక్క లేదు. 1977 నవంబరు. ఆ నెల 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేలమందికి పైగా పోయారు. రెండు రోజుల తర్వాత గుడివాడ నుంచి బయలుదేరిన సహాయ బండ్లలో మా కారూ ఒకటి. ముందు బాబాయి, నాన్నగారు, ఇంకో ప్లీడరుగారు. వెనుక సీటు పీకేసి పులిహోర పొట్లాలు, దుప్పట్లు, మంచినీళ్ళ డబ్బాలు. పామర్రు మీదుగా చల్లపల్లి దాటాక చెట్లు అడ్డంగా పడి ఉన్నాయట. నరికి, జరిపి, పోగలిగినంత దూరం పోయి, అక్కడ నుంచి తలల మీద మోసుకెళ్ళారు. అలా వారం రోజులు తిరిగారు. నాన్నగారు ఇంట్లో ఎప్పుడూ ఆ సంగతి మాట్లాడేవారు కారు. పద్దులో ఆ వారానికి ఉన్నది ఒకే వాక్యం: "ఉప్పునీళ్ళు. బ్రేకు డ్రమ్ములు కడిగించాలి. లెక్క వ్రాయలేదు." అంత లెక్క మనిషి లెక్క మానుకున్న వారం అదొక్కటే.

1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఒక సామాన్య యజమాని చేతికిచ్చారు. ధర యాభైవేల లోపు. మూడు సిలిండర్లు, 800 సీసీ లోపు ఇంజను, గంపలో పట్టేంత కారు. మా ఊళ్ళో మొదటి మారుతి దిగినప్పుడు పెద్దలు నవ్వారు. "అగ్గిపెట్టె" అన్నారు, "ఎద్దు కొమ్ము విసిరితే సొట్టపడుతుంది" అన్నారు. ఆ అగ్గిపెట్టె వేసవిలో ఆగలేదు. ఉదయం చోక్ కోసం బ్రతిమాలించుకోలేదు. అంబాసిడరు లీటరుకు తొమ్మిదో పదో కిలోమీటర్లు ఇస్తుంటే అది దాదాపు రెట్టింపు ఇచ్చింది. అన్నింటికీ మించి, ఆడవాళ్ళు, కుర్రవాళ్ళు, డ్రైవరు జీతం భరించలేని గుమస్తాలు సొంతంగా నడుపుకోగలిగారు. పాతికేళ్ళుగా వరుసలో మన్నించినవాళ్ళు ఒక్కసారిగా మన్నించడం మానేశారు.

అంబాసిడరు కూడా ఊరుకోలేదు. 1980 ప్రాంతంలోనే దేశంలో మొదటి డీజిలు కారు అదయింది. పెట్రోలు బండ్లున్నవాళ్ళు ఆటోనగర్‌లో మేటడోరు డీజిలు ఇంజను బిగించుకుని టాక్సీలుగా త్రిప్పుకున్నారు. 1992లో జపాను వారి ఇసుజు ఇంజను వచ్చింది. 1800 సీసీ, 75 అశ్వశక్తి. ఆ ఇంజనుతో కారు నిజంగా పరుగెత్తింది. ఆ పరుగు పదేళ్ళు ముందు నేర్చుకుని ఉంటే కథ మరోలా ఉండేదేమో. ఎనభైల మధ్యలో ఏడాదికి 24,000 దాకా అమ్ముడైన కారు, 2013–14 సంవత్సరంలో 2,200 దగ్గరికి వచ్చింది. 2014 మే 24న ఉత్తరపాడాలో పని ఆపేశారు. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. నాకు అదొక వింత. పేరుకే అంత ధర పలికింది. ఆ పేరును నిలబెట్టినవాళ్ళలో ఒక్కరికీ అందులో పైసా రాలేదు.

ఇక్కడ ఒక అప్పు తీర్చుకోవాలి. పద్దు పుస్తకంలో ప్రతి నెలా మొదటి తేదీన "డ్రైవరు జీతం" అని ఒక పంక్తి ఉంది. పదిహేనేళ్ళ పంక్తులను వరుసగా ఒక కాగితం మీద ఎక్కించాను. టైరు ధర ఎన్ని రెట్లు పెరిగిందో అందులో సగం కూడా ఆ జీతం పెరగలేదు. 1986లో ఒక ఏడాది టైర్లకు, ట్యూబులకు పెట్టిన ఖర్చు బాబాయి ఏడాది జీతం కంటే ఎక్కువ. ఆయన మా కారు క్రింద వెల్లకిలా పడుకుని గడిపిన ఆదివారాలు లెక్కలో లేవు. పంటు ఏటవాలు మీద ఆయన చూపిన నైపుణ్యానికి పద్దు లేదు. నాన్నగారు చెడ్డవారు కారు. ఊళ్ళో అందరూ ఇచ్చినంత ఆయనా ఇచ్చారు. ఆ కాలంలో కారు ఖరీదైన వస్తువు, మనిషి చవకైనవాడు. అంబాసిడరు మన్నికకు మూలధనం అదేనని ఇప్పుడు అనిపిస్తుంది. చవకైన చేతులు లేకపోతే ఆ మన్నింపు సాధ్యమయ్యేది కాదు.

1991 ఉగాది ముందు నాన్నగారు కారు అమ్మేశారు. మచిలీపట్నం నుంచి ఒక టాక్సీ యజమాని వచ్చి తీసుకెళ్ళాడు. బాబాయి ముందురోజే గ్రీజంతా పెట్టి, కడిగి, తుడిచి సిద్ధం చేశాడు. అమ్ముడుపోయిన బండికి ఇంత సేవ ఎందుకని నేనడిగితే, "అవతలవాడు మన బండి గురించి మాట అనకూడదు బాబూ" అన్నాడు. మన బండి. జీతం పంక్తి ముందు పెట్టుకుని చదివినప్పుడు ఆ మాట గొంతులో అడ్డుపడింది. పద్దులో ఆఖరి వ్రాత కారు అమ్మిన సొమ్ము. దాని క్రింద, డ్రైవరుకు ఇచ్చినది అని ఒక అంకె. అమ్మిన సొమ్ములో అది పావు వంతు. నాన్నగారు ఎవరికీ చెప్పలేదు. బహుశా ఆయనా ఎప్పుడో ఒకరోజు నాలాగే ఆ పంక్తులను వరుసగా చూసుకుని ఉంటారు.

చరిత్ర వ్రాసేవాళ్ళు కర్మాగారాల నివేదికలు చూస్తారు, కోర్టు తీర్పులు చూస్తారు. అవి దొరుకుతాయి, ఎవరో ఒకరు భద్రం చేస్తారు. అటకల మీది పద్దు పుస్తకాలను చెదలు చూసుకుంటాయి. మిత్రులారా, మీ ఇళ్ళలో అలాంటిదేమైనా, కారుదే కానక్కర్లేదు, ట్రాక్టరుదో, బుల్లెట్టుదో, కుట్టుమిషనుదో ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఒకసారి తెరచి చూడండి. అందులో జీతాల పంక్తి ఉంటే అది ముందు చదవండి.